వారంలో నాలుగు సాయంత్రాలు ఇవ్వండి
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘ కాపరులకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు బహిరంగ లేఖ



మీ గేటు మీద మెథడిస్ట్ అని రాసి ఉండొచ్చు, సీఎస్‌ఐ అని ఉండొచ్చు, మరో మిషన్ పేరు ఉండొచ్చు. ఈ లేఖ అందరికీ. ఇందులో మెథడిస్టుల ఊసు కాస్త ఎక్కువగా వస్తుంది. ఆరాధన జరిగే గదినే బడిగా, మందులిచ్చే చోటుగా, చిన్న అప్పులిచ్చే చోటుగా వాడుకోవడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాబట్టి. అడుగుతున్నది మాత్రం ఒక్కటే. ఆదివారం ఆరాధన ముగిశాక మళ్లీ ఆదివారం దాకా చాలా పూటలు మూసే ఉండే మీ హాలును వారంలో నాలుగు సాయంత్రాలు ఊరి చదువుకు ఇవ్వండి. వచ్చినవాళ్లది ఏ మతమని అడక్కండి, వెళ్లేటప్పుడు చేతిలో కరపత్రం పెట్టకండి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన, యవ్వనస్తుల కూడిక, డిసెంబరులో పాటల ప్రాక్టీసు, ఎప్పుడైనా ఒక పెళ్లి. ఇవన్నీ పోను ఇంకా బోలెడు సాయంత్రాలు మిగులుతాయి. హాల్లో ఏముంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. గోడవార ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, గుడ్డ కప్పిన కీబోర్డు, ఇన్వర్టరు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, వెనకాల మరుగుదొడ్లు. వెనక సందులో పదో తరగతి చదివే పిల్ల ఒంటి గది ఇంట్లో, టీవీ మోతలో, మంచం మీద పుస్తకం పెట్టుకుని లెక్కలు చేస్తుంటుంది. డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే కుర్రాళ్లు నెలనెలా డబ్బు కట్టి ప్రైవేటు స్టడీ హాల్లో కుర్చీ అద్దెకు తీసుకుంటున్నారు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఇలాంటి కుర్చీలకు ఎంత గిరాకీ ఉండిందో ఏ పట్టణంలో అడిగినా చెబుతారు. వాళ్లు డబ్బు కడుతున్నది కుర్చీకి, ఫ్యానుకు, లైటుకు, నిశ్శబ్దానికి. నాలుగూ మీ దగ్గర ఉన్నాయి.

చర్చి పని ఆత్మల సంగతి చూసుకోవడం, ట్యూషన్లు చెప్పడం కాదని ఎవరైనా పెద్దాయన అనవచ్చు. ఆయనకు మెథడిస్టుల చరిత్రే జవాబు.

1739లో మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ ఇంగ్లండులోని బ్రిస్టల్ పక్కన, కింగ్స్‌వుడ్‌లో ఆరుబయట నిలబడి ప్రసంగించాడు. విన్నవాళ్లలో ఎక్కువమంది బొగ్గు గనుల కూలీలు. ఆ ఏడే లండన్‌లో పేలుడుకు పాడుబడ్డ పాత ఫిరంగుల కార్ఖానా ఒకటి తీసుకుని బాగుచేసుకున్నారు. దాన్ని ఫౌండ్రీ అనేవారు. అక్కడ ప్రార్థనతో ఆగలేదు. 1746లో పేదలకు ఉచితంగా మందులిచ్చే గది తెరిచారు. అదే ఏడు చిన్న అప్పుల నిధి పెట్టారు. అప్పు కొంచెమే, మూడు నెలల్లో తిరిగి కట్టాలి. మన డ్వాక్రా అక్కలకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మరుసటేడు వెస్లీ సామాన్యులు ఇంట్లో చేసుకోదగ్గ వైద్యం మీద చౌక పుస్తకం వేశాడు, 1748లో కింగ్స్‌వుడ్‌లో బడి పెట్టాడు.

ఆ అప్పుల నిధి దగ్గరికి 1770లలో జేమ్స్ లాకింగ్టన్ అనే చెప్పులు కుట్టేవాడు వచ్చాడు. చిన్నప్పుడు బడికి పెద్దగా వెళ్లింది లేదు, చదవడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. 5 పౌండ్లు అప్పు దొరికింది. ఆ డబ్బుతో పాత పుస్తకాలు కొని అమ్మడం మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు తిరిగేసరికి లండన్‌లో పేరుమోసిన పుస్తకాల అంగడికి యజమాని అయ్యాడు. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. పైకొచ్చాక ఆత్మకథ రాసుకుని అందులో మెథడిస్టులనే ఆటపట్టించాడు. ముసలితనంలో మళ్లీ వాళ్ల గూటికే చేరి ప్రార్థనా మందిరాలు కట్టించాడనుకోండి, అది వేరే సంగతి. అప్పు ఇచ్చిన రోజున రేపు మమ్మల్ని మెచ్చుకోవాలన్న షరతు ఎవరూ పెట్టలేదన్నది ఇక్కడ గమనించాల్సింది.

మీ దగ్గర ఇప్పటికీ నడుస్తున్న సండే స్కూల్ సంగతే చూడండి. హానా బాల్ అనే మెథడిస్టు యువతి 1769లో హై వికోంబ్ అనే ఊళ్లో పిల్లలకు ఆదివారం బడి పెట్టింది. 1780లో గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పెట్టిన బడులతో అది ఉద్యమమైంది. ఆదివారమే ఎందుకంటే మిగతా ఆరు రోజులూ పిల్లలు పనిలో ఉండేవారు. కాబట్టి మొదటి సండే స్కూళ్లలో బైబిలు కథలతో పాటు అక్షరాలూ నేర్పేవారు. నూలు మిల్లుల ఊరైన స్టాక్‌పోర్ట్‌లో మెథడిస్టులు 1784లో మొదలుపెట్టిన ఆదివారం బడికి పిల్లలు వేలల్లో వచ్చేవారు. 1805లో దానికి మిల్లంత భవనం కట్టాల్సి వచ్చింది.

అప్పుడూ తగాదా వచ్చింది. చదవడం నేర్పితే వాక్యం చదువుకుంటారు కాబట్టి సరే, రాయడం లౌకికమైన పని, విశ్రాంతి దినాన అది నేర్పడం పాపం అన్నారు కొందరు. అన్నవాళ్లు బయటివాళ్లు కారు. జాబెజ్ బంటింగ్ లాంటి మెథడిస్టు పెద్దలే అడ్డం తిరిగారు. స్టాక్‌పోర్ట్ వాళ్లు వినలేదు, పిల్లలకు పలక బలపం ఇస్తూనే పోయారు. ప్రతి పాస్టరేట్ కమిటీలోనూ ఒక బంటింగ్‌గారు ఉంటారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, హాలు మాత్రం తెరవాలి.

ఇక మన దేశం. 1870లో ఇసబెల్లా తోబర్న్ లక్నోలోని అమీనాబాద్ బజారులో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలుపెట్టింది. అదే పెరిగి పెరిగి ఆమె పేరిట కాలేజీ అయింది. హిందూపురానికి మరీ దూరం కాని కోలారులో ధాత కరువు నాడు, అంటే 1876-78 ప్రాంతంలో, మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు వనిత అనాథ పిల్లలను చేరదీసింది. ఆమె 1890లో ఆ పనంతా అమెరికా మెథడిస్టులకు అప్పగించింది. తర్వాత 1910లో వచ్చిన ఎల్లెన్ తోబర్న్ కోవెన్ ఆసుపత్రిని ఈటీసీఎం అంటే కోలారు వైపు తెలియనివారు అరుదు. హైదరాబాదు ఆబిడ్స్‌లోని స్టాన్లీ గర్ల్స్ హైస్కూల్‌ది 1895 నాటి పుట్టుక, అదీ మెథడిస్టులదే. మెదక్ చర్చిని చూడటానికి బస్సుల్లో వెళ్తారు. కరువు రోజుల్లో జనానికి కూలీ, తిండి దొరకాలని కూడా మిషనరీ పాస్నెట్ ఆ కట్టడం పనిని నడిపించాడని చెప్పుకుంటారు. 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు.

మెదక్‌లో కట్టింది బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27న వాళ్లూ, రాయలసీమలో పనిచేసిన లండన్ మిషన్ సంఘాలూ, ఇంకొందరూ కలిసి సీఎస్‌ఐ అయ్యారు. అమెరికా మెథడిస్టులు కలవకుండా వేరుగానే ఉండి, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా అయ్యారు. మీలో ఎవరు ఏ కొమ్మకు చెందినా, పైన చెప్పిన పనుల్లో ఏదో ఒకటి మీ వంశవృక్షంలో ఉంది.

దూరం ఎందుకు, మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే చూడండి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. జెసూట్ సభను విడిచిపెట్టినా జనం ఆయన్ను 2009లో చనిపోయేదాకా ఫాదర్ అనే పిలిచారు. ఆయన పెట్టిన ఆర్డీటీ మత సంస్థ కాదు. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి అందరికీ తెలుసు. ఆసుపత్రి కంటే తక్కువ మాట్లాడుకునేది, పల్లెల్లో వాళ్లు నడిపిన అనుబంధ బడుల గురించి. దళిత వాడల పిల్లలు సర్కారు బడిలో పేరు నమోదై కూడా మధ్యలో మానేస్తుంటే, ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట వాళ్లను కూర్చోబెట్టి చదివించే బడులు అవి. కొత్త సిలబస్ ఏమీ లేదు. బడిలో చెప్పింది మళ్లీ చెప్పడం, హోంవర్కు చేయించడం, రాని పిల్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదని అడగడం. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు ఆ ఒక్క పూట ఎంత పనిచేస్తుందో ఈ జిల్లాలో ఒక తరం చూసింది. మీ హాల్లో కావాల్సింది సరిగ్గా అదే.

ఇప్పుడు మూడు ఊళ్ల సంగతి విడివిడిగా. ఒకే కార్యక్రమం మూడు చోట్లా నడిపితే మూడు చోట్లా పడుకుంటుంది.

ధర్మవరంలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. ముందు గదిలో గుంట, గుంటలో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు, నెత్తి మీద జకార్డు. అట్టలు ఒక్కొక్కటే తిరుగుతుంటే ఇల్లంతా టకటక. కండెలు చుట్టడానికి ఇంటి ఆడవాళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు తలా ఒక చెయ్యి వెయ్యాలి. ఆ చప్పుడు ఆగితే ఆ పూటకు కూలి ఆగినట్టే కాబట్టి, పిల్ల చదువుకోవాలి మగ్గం ఆపమని ఏ తండ్రీ అనలేడు, అనమని చెప్పడం కూడా న్యాయం కాదు. పిల్లే బయటికి రావాలి. ఎక్కడికి? ధర్మవరం పిల్లలకు మొదట కావాల్సింది ట్యూషన్ మాస్టారు కూడా కాదు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక నిశ్శబ్దమైన చోటు.

పెద్దలకు మరో చదువు కావాలి. ధర్మవరం పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 నాటి చట్టం 11 రకాల వస్త్రాలను చేతి మగ్గానికే కేటాయించింది. ఈ రెండింటి గురించి మగ్గం మీద కూర్చున్న మనిషికి తెలిసింది తక్కువ, ఆ పేరు చెప్పుకుని మరమగ్గం చీర అమ్మేవాళ్లకు తెలిసింది ఎక్కువ. బుటాను గ్రాఫు కాగితం మీద గీసి అట్టలకు చిల్లులు కొట్టే పని ఇప్పుడు కంప్యూటర్‌లోకి వెళ్లింది. ఆ డిజైన్ పని నేర్చిన కుర్రవాడు వారానికి ఒక సాయంత్రం పదిమంది నేతగాళ్ల పిల్లలకు నేర్పితే, మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లు మగ్గం చుట్టూ ఉన్న మెరుగైన పనిలోకి పోగలరు. షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత, కోసింది ఎంత, మిగిలింది ఎంత అని రాసుకోవడం ఆడవాళ్లకు నేర్పే క్లాసు ఇంకా మంచిది. అలాంటి క్లాసు కొందరికి నచ్చదు. నచ్చని వాళ్లలో మీ ముందు వరసలో కూర్చునేవాళ్లు కూడా ఉండొచ్చు.

పెనుకొండ కథ వేరు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అయిన ఊరు, గగన్ మహల్ ఊరు, అన్ని మతాలవాళ్లూ మొక్కుకునే బాబయ్య దర్గా ఊరు. చాలాకాలం ఆ గతమే దానికి మిగిలిన ఆస్తి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక హైవే మీద కొరియా లిపిలో బోర్డులు వెలిశాయి. ఫ్యాక్టరీ గేటు లోపలికి మంచి జీతంతో పోవడానికి డిప్లొమా కావాలి, ఐటీఐ కావాలి. పదో తరగతి దగ్గరే ఆగిపోయినవాడికి ఆ గేటు పక్క టీ కొట్టు, కాకపోతే చుట్టుపక్కల చిన్నాచితకా పనులు మిగులుతాయి.

పది తప్పినవాడు జీవితం తప్పినట్టు కాదని అందరం అంటాం. దారి చూపేవాళ్లు తక్కువ. ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ 1991 నుంచి ఉంది. 14 ఏళ్లు నిండినవాళ్లు రెగ్యులర్ బడికి వెళ్లకుండానే దాని ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు, తర్వాత ఇంటర్ కూడా. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలి, పాత మార్కులు పనికొస్తాయా, క్లాసులు ఎక్కడ జరుగుతాయి అన్నవి తెలియక ఏటా ఎంతమంది ఆగిపోతారో. పెనుకొండ హాల్లో వారానికి రెండు సాయంత్రాలు ఓపెన్ స్కూల్ పది, ఒక సాయంత్రం ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రవేశాల మాట, ఇంకో సాయంత్రం ఇంటర్వ్యూలో నోరు విప్పేపాటి ఇంగ్లీషు. ఇంతే. మీ సంఘంలోనో, పక్క సంఘంలోనో ఫ్యాక్టరీలో పనిచేసే యువకులు ఉంటే, లోపల పని ఎలా ఉంటుందో చెప్పడానికి వాళ్లకంటే మంచి మాస్టార్లు దొరకరు.

హిందూపురం బెల్లం, చింతపండు, పట్టుగూళ్ల మార్కెట్ ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, సందు తిరిగితే ఉర్దూ. బెంగళూరు దగ్గర కావడం వల్ల పని కోసం అటు పోయే రైళ్లు, బస్సులు ఎప్పుడూ నిండే ఉంటాయి. తూముకుంట, గొల్లాపురం పారిశ్రామిక వాడల వైపు పొద్దున్నే క్యారియర్లు పట్టుకుని పోయేవాళ్లలో ఎందరో ఆడవాళ్లు గార్మెంట్స్ కుట్టేవాళ్లు. రోజంతా మిషన్ మీద, సాయంత్రం ఇంటి పని. వీళ్లకు అక్షరాల కంటే ముందు కావాల్సింది ఒకటి ఉంది.

ఫోనుకు వచ్చే పీఎఫ్ మెసేజ్ చూడండి. ఇంగ్లీషులో ఉంటుంది. యూఏఎన్ అంటుంది, ఏవో అంకెలు, ఏదో నెల. జీతంలోంచి ఎంత కోశారు, కంపెనీ తన వాటా కట్టిందా, ఒక కంపెనీ మానేసి ఇంకోదానిలో చేరినప్పుడు పాత డబ్బు ఏమైంది? ఆధార్‌లో లక్ష్మమ్మ, పీఎఫ్‌లో లక్ష్మీదేవి అని ఉంటే కష్టపడి దాచుకున్న సొమ్ము చేతికి రాదు. ఆ పేరు సరిచేయించుకోవడానికి నెట్ సెంటర్‌లో డబ్బు పోసి, పాస్‌వర్డు కూడా అక్కడే వదిలేసి వచ్చే అక్కలు ఎందరో. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట, మీ సంఘంలో బ్యాంకులోనో ఆఫీసులోనో పనిచేసిన ఒకరు, రెండు ల్యాప్‌టాప్‌లు. ఈఎస్‌ఐ కార్డుతో ఎక్కడ చూపించుకోవచ్చు, ఓటీపీ ఎవరికీ ఎందుకు చెప్పకూడదు, కాగితం మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలి. చదువంటే ఇది కూడా. వెస్లీ కాలంలో అక్షరం ఎలాగో, ఇప్పుడు ఈ ఫోను అలాగ.

అక్షరమే రానివాళ్లూ ఇంకా ఉన్నారు. 2011 లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు కంటే తక్కువ. 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం కేంద్రం ఉల్లాస్ పేరిట పథకం పెట్టింది. అది నడిచేది జీతం లేని వాలంటీర్ల మీద. వాలంటీర్లకు కొరత లేని సంస్థ ఊళ్లో ఏదైనా ఉందంటే అది చర్చే.

రాత్రి బడిని తక్కువగా చూడకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్యా కేంద్రాల్లో సీతమ్మ కథ అనే పాఠం చదివిన ఆడవాళ్లు దూబగుంటలో సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మరుసటేడు ఎన్నికల్లో హిందూపురం నుంచి మూడోసారి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం పెట్టాడు. ఆ నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే కథ. మొదలైంది మాత్రం లాంతరు వెలుగులో ఒక వాచకం దగ్గర.

అందరూ మనసులో అనుకుంటూ పైకి అనని మాట ఒకటి ఉంది. చర్చి ఉచితంగా చదువు చెబుతానంటే మతం మార్చడానికేనని ఊళ్లో అంటారు. ఆ మాట అన్నవాళ్లందరూ దుర్మార్గులు కారు. పాఠం అయ్యాక పాట, పాట అయ్యాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక బాప్తిస్మం మాట వచ్చిన చోట్లు కొందరు చూసి ఉన్నారు. మరోవైపు, ఇదే జిల్లాలో పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి రోగి మతం అడక్కుండా ఆపరేషన్లు చేస్తోంది. సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిచ్చింది, కుళాయి దగ్గర ఎవరూ భజన చేయమనలేదు. ఈ జిల్లా జనం కొలబద్ద అది. మీరూ దానితోనే కొలవబడతారు.

ఇందులో మీరు మరీ జాగ్రత్తగా ఉండాల్సిన చిక్కు ఇంకొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్తులకే. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కింద, 1 శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. కుల ధ్రువీకరణ పత్రం మీద స్కాలర్‌షిప్, హాస్టల్, ఉద్యోగం ఆధారపడిన ఇంట్లో, మా పిల్ల పేరు చర్చి పుస్తకంలో ఎక్కితే రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమో అన్న భయం ఉంటే అది ఉత్తుత్తి భయం కాదు. ఆ ఉత్తర్వు న్యాయమా అన్యాయమా అన్న వాదన కోర్టుల్లో, బయటా నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. ఈలోగా మీ సాయంత్రపు బడి హాజరు పుస్తకం సంఘం రిజిస్టరులో కలవకూడదు. దాని మీద చర్చి ముద్ర ఉండకూడదు. అందులో కులం గడి, మతం గడి అసలే ఉండకూడదు. పేరు, తరగతి, ఇంట్లో ఒక ఫోను నంబరు చాలు.

పిల్లలు వచ్చే చోట ఇంకొన్ని కట్టుబాట్లు తప్పవు. ఏ గదిలోనైనా పిల్లలతో ఒక్క పెద్ద మనిషే ఉండకూడదు, ఇద్దరు ఉండాలి, ఒకరు మహిళ కావాలి. తలుపు తెరిచే ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం ఏం చెబుతుందో వాలంటీర్లందరికీ మొదటి రోజే చెప్పాలి. మన వాళ్లే కదా అన్న మాట ఈ విషయంలో పనికిరాదు. ఎనిమిదిన్నరకు హాలు కట్టేయాలి, ఆడపిల్లలు గుంపుగా ఇళ్లకు చేరే ఏర్పాటు చూడాలి.

డబ్బు అంటారా? పది ఫ్యాన్లు, పది ట్యూబులైట్లు రెండున్నర గంటలు తిరిగితే రెండున్నర యూనిట్ల లోపే. వారానికి నాలుగు సాయంత్రాలకు నెలంతా కలిపి నలభై యూనిట్ల చిల్లర. యూనిట్ పది రూపాయలనుకున్నా నెలకు నాలుగు వందల పైచిలుకు. క్రిస్మస్‌కు కట్టే సీరియల్ లైట్ల ఖర్చుతో పోల్చి చూసుకోండి. విదేశీ నిధులు అక్కర్లేదు, ఎఫ్‌సీఆర్‌ఏ తలనొప్పి లేదు, భవనం కట్టక్కర్లేదు. దయచేసి శంకుస్థాపన ఫలకం కూడా వద్దు. చాలా ఊళ్లలో చర్చి కాంపౌండు గోడ వెంట షాపులు లేచాయి. వాటి అద్దెలో పిసరంత ఇటు మళ్లించినా పాత పదో తరగతి పుస్తకాలు, నాలుగు డిక్షనరీలు, రెండు దినపత్రికలు వస్తాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న ఊరికి గ్రంథాలయం నుంచి పుస్తకాలు అడిగే హక్కు కూడా ఉంది. అడిగి చూడండి.

మనుషుల విషయంలో మీకు ఉన్నంత కలిమి ఊళ్లో ఇంకెవరికీ లేదు. మిషన్ బడుల పుణ్యమా అని రెండు మూడు తరాలుగా మీ కుటుంబాల్లో టీచర్లు, నర్సులు, గుమస్తాలు ఉన్నారు. ధర్మవరం జంక్షన్ ఊరు కాబట్టి అక్కడ రైల్వే పింఛనుదార్లు కూడా. వాళ్లను కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి. స్త్రీల సమాజం అమ్మలకు కూరగాయల లెక్క నుంచి చీటీల లెక్క దాకా నోటిమీదే ఉంటుంది, లెక్కల క్లాసు వాళ్లకు అప్పగించండి. బయటివాళ్లను కూడా పిలవండి. ఉర్దూ వచ్చిన మాస్టారు, మడకశిర వైపు నుంచి వచ్చిన కన్నడ టీచరు మీ హాల్లో పాఠం చెబితే ఊరి అనుమానం సగం అక్కడే పోతుంది. వేసవిలో వీబీఎస్ పది రోజులు ఎంత హుషారుగా నడుపుతారో అందరికీ తెలుసు. ఆ ఓపికలో నాలుగో వంతు ఏడాది పొడవునా పరచండి.

మూడు ఊళ్లూ ఒకేసారి కదలాలని లేదు. ఎవరు ముందు తీర్మానం చేస్తే వాళ్లే మొదలుపెట్టండి. మొదటి నెల పదిమంది వస్తే నిరుత్సాహపడకండి, పరీక్షలు దగ్గరపడే జనవరి నాటికి కుర్చీలు చాలవు. ఆ ఏడాది చివర ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఓపెన్ స్కూల్ రాశారు, ఎంతమంది పీఎఫ్ పేరు సరైంది అని ఒక కాగితం రాసి నోటీసు బోర్డులో పెట్టండి. ఎంతమంది సంఘంలో చేరారన్న లెక్క మాత్రం అందులో ఉండకూడదు.

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆలోపు కమిటీ మీటింగు పెట్టి, ఏ సాయంత్రాలు, ఏ టైము, బాధ్యత ఎవరిది అన్న మూడూ తేల్చి, గేటు బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడేలా బోర్డు కట్టించండి. తెలుగులో ఒకటి, హిందూపురంలో అయితే కన్నడంలో, ఉర్దూలో కూడా.